వెనక బరువు బండి

మా బావకి లెక్కలంటే ప్రాణం. టెక్సస్‌లో హ్యూస్టన్ నుంచి ఫ్రిస్కోకి ఇల్లు మారాల్సి వచ్చి, సామాన్లు తరలించేవాళ్ళు చెప్పిన రేటు వినగానే కాగితం, పెన్సిల్ తీశాడు. సోఫాలూ గీఫాలూ అమ్మేసి, మిగతాది అద్దె ట్రైలర్‌లో వేసి మన హైలాండర్ కారుకే వెనక తగిలించుకుంటే ఎంత మిగులుతుందో సెంట్లతో సహా అక్కకి చూపించాడు.

"మన బండి 5,000 పౌండ్లు లాగుతుంది" అన్నాడు ధీమాగా. తీరా పుస్తకం తిరగేస్తే ఆ 5,000 పెట్రోల్ మోడల్‌కి. బావది హైబ్రిడ్, దానికి 3,500 మాత్రమే. అయినా తొణకలేదు. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న ట్రైలర్ ఖాళీగా 900 పౌండ్లు, సామానుతో కలిపి 2,700 దాటకూడదు. 3,500 కన్నా 2,700 తక్కువేగా! లెక్క అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

సర్దడంలోనూ బావకి ఒక పద్ధతి ఉంది. కొత్తింట్లో ముందు పాలు పొంగించాలి, కాబట్టి వంటింటి సామాను ముందు దిగాలి, కాబట్టి తలుపు దగ్గరే ఉండాలి. అలా గ్రైండర్, ఇత్తడి బిందెలు, పాలరాతి పూజా మందిరం, బావ ఎన్నడూ ఎత్తని డంబెల్స్, అన్నీ ట్రైలర్ వెనక భాగంలో చేరాయి. ముందు భాగంలో దిండ్లు, బొంతలు, అక్క పట్టుచీరల సూట్‌కేసు. బరువులో అరవై శాతం ముందు సగంలో ఉంచమని ట్రైలర్ లోపలి గోడ మీద రాసే ఉంది. బావ సరిగ్గా దాని మీదే పరుపు ఆనించాడు.

బావ వాళ్ళ నాన్నగారు గుంటూరు జిల్లాలో ఎడ్లబండి మీద పొగాకు తోలిన మనిషి. ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఒరేయ్, బండి వెనక బరువయింది రా" అన్నారు.

"నాన్నా, ఇదేమన్నా ఎడ్లబండా? మీరెళ్ళి ఏసీలో కూర్చోండి."

ఆయన వెళ్ళి ఏసీలో కూర్చున్నారు.

కాన్రో దాకా ట్రాఫిక్ పుణ్యమా అని బండి పాకుతూ పోయింది. అది దాటాక రోడ్డు ఖాళీ అయింది, బావ కాలు బరువెక్కింది. అద్దె ట్రైలర్ మీద 55 మైళ్ళు దాటొద్దని స్టిక్కర్ ఉంది, కానీ అది మన వెనకాల ఉంటుంది కదా, ఎవరికి కనబడుతుంది? హంట్స్‌విల్ దగ్గర టెక్సస్ నాయకుడు శామ్ హ్యూస్టన్ 67 అడుగుల తెల్లటి విగ్రహం వచ్చింది. పిల్లలు అటు చూస్తుండగా పక్కనుంచి పెద్ద ట్రక్కు ఒకటి దూసుకుపోయింది. అంతే, మా ట్రైలర్ ఎడమకి ఊగింది, కుడికి ఊగింది, ఆపైన ఎడమకి ఇంకాస్త ఎక్కువగా ఊగింది. మొత్తం కారునే పట్టుకుని ఊపుతోంది. అక్క ఆంజనేయ దండకం మొదలుపెట్టింది. చిన్నవాడు "మళ్ళీ చెయ్ డాడీ" అన్నాడు.

అలాంటప్పుడు సడన్ బ్రేక్ వేస్తే వెనకున్నది తోసుకొచ్చి కారునే అడ్డం తిప్పేస్తుంది. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గేదాకా ఆగాలి. బావ చేసింది అచ్చం అదే. తెలిసి చేశాడని ఆయన అంటాడు. కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయని పక్కసీట్లో కూర్చున్న నాకు తెలుసు.

మాడిసన్‌విల్‌లో బక్కీస్ పెట్రోల్ బంకు దగ్గర ఆపాం. మామయ్యగారు నెమ్మదిగా దిగి చెప్పారు: "వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది, పలుపు ఎద్దు గొంతుకి బిగుస్తుంది. ముందు బరువైతే మెడ పుండు పడుతుంది. బండివాడు ముందుకో వెనక్కో జరిగి కూర్చునేది అందుకేరా."

బావ ఫోన్ తీసి చదివాడు. ఇంచుమించు అదే ఉంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాన్ని కారుకి తగిలించే కొక్కెం, అంటే హిచ్ బంతి మీద పడాలి. అంతకన్నా తక్కువైతే తోక ఆడిస్తుంది, ఎక్కువైతే కారు వెనకభాగం కుంగి ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. మా 2,700కి కనీసం 270 ఉండాలి, బావ బండి మాత్రం 350కి మించి మొయ్యదు.

దాన్ని తూచడానికి బాత్రూమ్ స్కేలు చాలట! బావ డైటింగ్ రోజుల్లో కొన్న స్కేలు ట్రైలర్ అట్టడుగున ఉంది. సగం కాపురం పార్కింగ్‌లో పరిచాక దొరికింది. ట్రైలర్ చక్రాలకి అడ్డు పెట్టి, హిచ్ విప్పి, మంచం పట్టెని ఒక పక్క ఇటుక మీద, ఇంకో పక్క స్కేలు మీద ఆనించాం. రెండు చోట్లా కింద గుండ్రటి కర్ర ఉండాలన్నాడు బావ. అక్క పూరీల కర్ర, చపాతీల కర్ర ఇచ్చింది. ట్రైలర్ మూతి ఇటుక నుంచి ఒక అడుగు, స్కేలు నుంచి రెండడుగుల దూరంలో పట్టె మీద వాలాలి. స్కేలు చూపించిన దాన్ని మూడుతో గుణించాలి. 38 చూపించింది. అంటే 114 పౌండ్లు!

బావకి పౌరుషం వచ్చి బరువంతా ముందుకి తోశాడు. ఈసారి 390 వచ్చింది. మామయ్యగారే గ్రైండర్‌ని ఇరుసు మీదకి, డంబెల్స్‌ని కాస్త వెనక్కి జరిపించి 300కి తెచ్చారు. పికప్ ట్రక్కుల పెద్దమనుషులు కోక్ తాగుతూ మా పూరీల కర్రనే చూస్తున్నారు.

ఆపాలి కదా అక్కడితో? డ్రైవర్ డోర్ పక్కనున్న స్టిక్కర్ ప్రకారం కార్లో మనుషులు, సామాను, హిచ్ మీద పడ్డ ఆ 300, అన్నీ కలిపి పరిమితి లోపు ఉండాలని బావ చదివాడు. "స్కేలు ఎలాగూ బయటే ఉంది, ఒక్కొక్కరూ ఎక్కండి" అన్నాడు.

"నూట ముప్పై. రాసుకోండి" అంది అక్క కార్లోంచి కదలకుండానే. బావ మారు మాట్లాడకుండా రాసుకున్నాడు.

లెక్క ఇరవై పౌండ్లు ఎక్కువ తేలితే ఒక సోనా మసూరి సంచి కార్లోంచి తీసి ట్రైలర్‌లో సరిగ్గా ఇరుసు మీద పెట్టాం. అంతకుముందు మామయ్యగారు పంచె సర్దుకుని స్కేలెక్కారు. అంకె చూసి బావ వైపు తిరిగి అడిగారు: "నన్ను కూడా మూడుతో గుణించాలట్రా?"