గుణుపురం కంప్యూటర్‌కు ప్యాచ్ ఎవరు వేస్తారు?

దక్షిణ ఒడిశాలోని గుణుపురంలో వడ్లు అమ్మాలన్నా, రాయగడలో కులధ్రువీకరణ పత్రం కావాలన్నా, పర్లాకిమిడిలో భూమి కాగితం నకలు తీసుకోవాలన్నా ఇప్పుడు పని జరిగేది కంప్యూటర్ ముందే. లాంప్స్ (గిరిజన ప్రాంతాల సహకార సంఘం) కౌంటర్‌లో టోకెన్ రాకపోతే బస్తాలు మండి బయటే ఉండిపోతాయి. అలాంటి ఒక సేవా కేంద్రంలో మా విలేకరి చూసిన దృశ్యం ఇది. తెర మూలన అప్‌డేట్ చేయమని సూచన వస్తోంది. ఆపరేటర్ ‘తర్వాత’ అని నొక్కి పని కానిస్తున్నాడు. బయట అరుగు మీద ఆధార్ కార్డులు కొంగున ముడేసుకుని ముసలమ్మలు కూర్చున్నారు. ఆ కుర్రాణ్ని మేం తప్పుపట్టం. అప్‌డేట్ పెడితే మిషన్ అరగంట ఆగుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ లేస్తుందో లేదోనని అతని టెన్షన్. లేవకపోతే తిట్లు తినేదీ అతనే.

కానీ ఆ ‘తర్వాత’ ఎంత ప్రమాదమో 2022 జనవరి 25న లోకానికి తెలిసింది. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, సర్వర్లలో విరివిగా వాడే రెడ్ హ్యాట్, ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో (కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) ‘పోన్‌కిట్’ అనే లోపాన్ని క్వాలిస్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు ఆ రోజు బయటపెట్టారు. లినక్స్‌లో మామూలు ఖాతాకు ఉండే అధికారం కొద్ది. మొత్తం సిస్టమ్ మీద పెత్తనం ఉన్న ఖాతా రూట్. మామూలు ఖాతాదారు రూట్ అధికారంతో ఏదైనా పని చేయబోతే, అనుమతి ఉందో లేదో చూసి వదలాల్సిన కాపలా ప్రోగ్రామ్ పేరు పీకేఎగ్జెక్. తప్పు ఆ కాపలాదారులోనే ఉంది. తనను పిలిచేవాళ్లు కనీసం ఒక మాటైనా చెబుతారని దాని నమ్మకం. ఏం చేయాలో చెప్పే మాటల జాబితాను ఖాళీగా ఇచ్చి పిలిస్తే, మెమరీలో పక్కనున్న సమాచారాన్నే తన జాబితా అనుకుని చదువుతుంది, అక్కడే రాసేస్తుంది కూడా. ఆ సందులోంచి తోసిన కోడ్ రూట్ అధికారంతో నడుస్తుంది. రూట్ పాస్‌వర్డ్‌తో పనే లేదు. 2009లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచి 12 ఏళ్లకు పైగా ఆ తప్పు అలాగే ఉండిపోయింది. సంగతి బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే దాన్ని వాడుకునే కోడ్ కూడా అందరికీ దొరికింది. లోపాన్ని పూడ్చే అప్‌డేట్, అంటే ప్యాచ్ కూడా వెంటనే వచ్చింది. వేసుకున్నవాళ్లు గట్టెక్కారు.

ముందుగా లోపల ఒక ఖాతా దొరికితేనే కదా ఈ లోపం పనికొచ్చేది, అంత భయమెందుకు అనే వాదన ఉంది. మన ఊళ్లలో అది నిలవదు. ఒకే లాగిన్‌ను ముగ్గురు వాడతారు. పాస్‌వర్డ్ కాగితం మానిటర్ అంచునే అతికించి ఉంటుంది. పని మానేసి విశాఖ వెళ్లిపోయినవాడి ఖాతా అలాగే తెరిచి ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రూట్ చేజిక్కించుకున్నవాడు తన అడుగుజాడలను కూడా చెరిపేయగలడు.

నష్టపోయేది ఎవరో కూడా తెలుసు. 2024 జూలై చివర్లో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థపై రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజే దాడి) జరిగితే దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు ఆగాయి. ఆ దాడి జరిగిన తీరు వేరు కావచ్చు, దెబ్బ తిన్నది మాత్రం మనలాంటివాళ్లే. సరిహద్దు తెలుగు కుటుంబాలకు ఇంకో బాధ ఉంది. మనకు ఇంటిపేరు ముందు, ఒడియా రికార్డుల్లో చివర. ఉన్న తప్పు దిద్దించుకోవడానికే హీరాఖండ్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేసి భువనేశ్వర్ వెళ్లినవాళ్లున్నారు. ఎవడో లోపలికి చొరబడి రికార్డు మారిస్తే, ఆ భూమి తనదేనని ఆ రైతు ఏ కాగితం చూపించి రుజువు చేసుకోవాలి?

63,000 ప్రాథమిక సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2022 జూన్‌లో కేంద్రం 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మంచి పని. అయితే కంప్యూటర్ కొనిచ్చినవాళ్లే దాని బాగోగులు చూసే మనిషిని కూడా ఇవ్వాలి. సైబర్ దాడి గమనించిన 6 గంటల్లో తమకు చెప్పాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. దాడి జరిగినట్టు తెలిసినవాళ్లు కదా చెప్పగలిగేది!

ప్రతి బ్లాక్‌లో ఒక బాధ్యుణ్ని నియమించి, ఆయన పేరు, ఫోన్ నంబరు సేవా కేంద్రం గోడ మీద రాయాలి. ఏ మిషన్‌లో ఏ సిస్టమ్ ఉంది, చివరి అప్‌డేట్ ఎప్పుడు జరిగిందన్న లెక్క ఆయన దగ్గర ఉండాలి. కౌంటర్ మూశాక అప్‌డేట్‌కు ఒక గంట కేటాయించి, కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ ఇవ్వాలి. హెచ్చరికలు ఆపరేటర్‌కు అర్థమయ్యేలా ఒడియాలో, తెలుగులో రావాలి. 2024 జూన్ 30తో సెంటోస్ 7 అనే లినక్స్ సిస్టమ్‌కు, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు, అంటే ప్యాచ్‌లు ఇవ్వడం ముగిసింది. అవి ఇంకా నడుస్తున్న మిషన్లు ఈ జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో ఖరీఫ్ కొనుగోళ్లు మొదలయ్యేలోపు కలెక్టర్లు లెక్క తీసి ప్రకటించాలని కోరుతున్నాం.