బ్యాటరీ తీగ ఊడదీస్తే పాత పికప్ భద్రమేనా?

కొన్ని వారాలుగా పాత వాహనాలున్నవారి వాట్సాప్ గుంపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారం ఇది: పాత పికప్‌ను కొనేవాడే ఉండడు కనుక దాన్ని ఎవరూ దొంగిలించరు, అనుమానముంటే రాత్రిపూట బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తే చాలు, ఇంకా భయముంటే 2,000 రూపాయల జీపీఎస్ పెట్టుకుంటే పోలీసులు గంటలో పట్టుకుంటారు, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు బిగిస్తే దొంగ దాన్ని మార్చలేడు, ఇవన్నీ దాటుకుని బండి పోయినా ఇన్సూరెన్సు ఉంది కదా. చివర్లో, ఆర్‌సీ ఎప్పుడూ బండిలోనే ఉంచుకోమన్న సలహా ఒకటి. విజయవాడ మొగల్రాజపురంలో కొండవాలు వీధిలో, పాతికేళ్లు దాటిన మహీంద్రా డీఐ పికప్‌ను ఇంటి ముందు నిలుపుకుంటున్నవాడిగా, ఈ మాటల్లో ఒక్కటి కూడా పూర్తిగా నిజం కాదని చెప్పవలసి వస్తోంది. బ్యాటరీ మాట అన్నిటికన్నా ప్రమాదకరం కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా, కొనేవాడు లేడన్న మాట. దొంగ బండిని బండిగానే అమ్మాలన్న నియమమేమీ లేదు. గేర్‌బాక్సు, ఇరుసు హౌసింగు, డీజిల్ పంపు, కమాన్ కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు), రేడియేటరు, చివరికి డిస్కులతో సహా చక్రాలు విడివిడిగా అమ్ముడుపోతాయి. కంపెనీ తయారీ ఆపేసిన కొద్దీ వీటికి గిరాకీ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఒక పాత గేర్‌బాక్సు కోసం జవహర్ ఆటోనగర్‌లో రోజంతా దుకాణం తర్వాత దుకాణం తిరిగిన వాళ్లెవరికైనా ఈ సంగతి తెలుసు. అక్కడ బిల్లు లేనిదే సరుకు ముట్టని వ్యాపారులు ఎందరో ఉన్నారు. కానీ బండి భాగాల్లో ఆర్‌సీలో నంబరు రాసి ఉండేది ఛాసిస్‌కూ ఇంజిన్‌కూ మాత్రమే. ఊడదీసి గోతాంలో చుట్టి తెచ్చిన గేర్‌బాక్సు ఏ బండిదో ఏ కాగితం చూసి చెప్పగలరు?

ఇక బ్యాటరీ సంగతి. ఆటోనగర్ నుంచి మా మెకానిక్ ఇంటికి వచ్చినప్పుడు ఈ సందేశం చూపించి, నిజమేనా అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా బానెట్ ఎత్తి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి, తీగ మళ్లీ తగలకుండా దాని కొసకు గుడ్డపీలిక చుట్టి పక్కకు వంచారు. తర్వాత సీటులో కూర్చుని, క్లచ్ తొక్కిపట్టి రెండో గేరు వేసి, హ్యాండ్ బ్రేకు వదిలారు. బండి వాలులో పదిపన్నెండు గజాలు జారాక క్లచ్ వదిలారు. ఒక్క కుదుపు, పొగగొట్టంలోంచి నల్లటి పొగ ఒక ముద్ద, ఇంజిన్ అందుకుంది. వీధి చివరి మలుపు దాకా వెళ్లి, తిప్పుకుని వచ్చి, యథాస్థానంలో నిలిపారు. అంతసేపూ తాళం చెవి నా జేబులోనే ఉంది. ఆ పాత మోడలుకు స్టీరింగ్ లాక్ లేదు. దిగుతూ ఆయన అన్న మాట ఇంతే: “బ్యాటరీ సెల్ఫ్‌కీ లైట్లకీ అండీ, ఇంజిన్‌కి కాదు.”

ఇందులో మాయ ఏమీ లేదు. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ అవసరం లేదు; సిలిండర్లో నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలోకి డీజిల్ చిమ్మగానే అదే అంటుకుంటుంది. ఆ డీజిల్‌ను పంపే పాతకాలపు మెకానికల్ పంపు ఇంజిన్ గేర్లతోనే తిరుగుతుంది కనుక, ఒకసారి ఇంజిన్ కదిలిందంటే కరెంటుతో దానికి పని లేదు. అందుకే ఈ బండ్లను ఆపడానికి డ్యాష్‌బోర్డు కింద ఉన్న స్టాప్ నాబ్ లాగుతాము తప్ప తాళం తిప్పితే అవి ఆగవు. సిలిండర్లను కరెంటుతో ముందే వేడెక్కించే హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్లు చల్లగా ఉన్నప్పుడు కొంత మొరాయిస్తాయన్నది నిజమే. కానీ అప్పుడే తిరిగి వచ్చి నిలిపిన బండి వేడి మీద ఉంటుంది, వాటి అవసరమూ ఉండదు. కరెంటు ఆగితే డీజిల్‌ను ఆపేసే సొలినాయిడ్ ఉన్న పంపులకైతే సందేశంలోని సలహా కొంత పనిచేస్తుంది. మీ పంపుకు అది ఉందో లేదో మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నాకే బ్యాటరీని నమ్ముకోవడం మంచిది.

పాత జీపుల్లో వచ్చిన 2,199 సీసీ హరికేన్ వంటి పెట్రోలు ఇంజిన్ల విషయం వేరు. నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు లేకపోతే అవి నిజంగానే తిరగవు. అయితే దొంగ ఖాళీ చేతులతోనే వస్తాడని సందేశం రాసినాయనకు ఎవరు చెప్పారో తెలియదు; సంచిలో ఒక బ్యాటరీ తెచ్చుకోవడం పెద్ద పనేమీ కాదు. వెనకటి డ్రైవర్లు బండి ఆపి ఊళ్లోకి వెళ్లేటప్పుడు ఆ నిప్పురవ్వను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్ జేబులో వేసుకుని వెళ్లేవారు. వేలెడంత ఆ ముక్క లేకపోతే ఎన్ని బ్యాటరీలున్నా ఇంజిన్ అందుకోదు.

మరి మెకానికల్ పంపు ఉన్న డీజిల్ బండికి ఏది పనిచేస్తుంది? డీజిల్‌ను ఆపడం. ట్యాంకు నుంచి వచ్చే పైపులో, కూర్చున్నవాడికి కనిపించనిచోట కుళాయి లాంటి ఒక కాక్ బిగించుకుని రాత్రిపూట కట్టేస్తే, ఫిల్టర్లో మిగిలిన డీజిల్‌తో బండి కొంతదూరం పోయి, ఆగిపోతుంది. అప్పటికి లైన్లో గాలి చేరుతుంది కాబట్టి, ఆ గాలి తీసి చేతిపంపు కొట్టందే మళ్లీ అందుకోదు. నడివీధిలో, కుక్కలు మొరుగుతుండగా, ఆ పనికి కూర్చునే ఓపిక దొంగకు ఉండదు. ఇబ్బంది కూడా చెప్పాలి: కాక్ తెరవడం మరిచి నేనే రెండుసార్లు బెంజి సర్కిల్ చేరకముందే ఆగిపోయి, చేతులు నల్లగా చేసుకున్నాను. జీపు తరహా బండ్లకు బానెట్ కొక్కేలు బయటే ఉంటాయి; వాటికి తాళం వేయకపోతే లోపల ఏం చేసినా వృథా. గేర్ రాడ్‌కు లాక్, ముందు చక్రంలోంచి స్ప్రింగు కమాన్‌కు బిగించిన గట్టి గొలుసు కూడా ఉండాలి. ఎందుకంటే ఇంజిన్ జోలికే వెళ్లకుండా క్రేన్‌కు తగిలించి బండిని లాక్కుపోయే అవకాశం ఉంది. పట్టపగలు మన ఊళ్లో క్రేన్ ఒక బండిని ఎత్తుకుపోతుంటే, నో పార్కింగ్ కాబోలు అనుకుంటామే కాని ఎవరమైనా ఆగి అడిగామా?

జీపీఎస్ వద్దనడం లేదు. కానీ అది దొంగతనాన్ని ఆపదు. బండి ఎక్కడుందో చెబుతుంది, అదీ కొన్ని షరతుల మీద. రేకుల షెడ్డులోకి చేరితే ఉపగ్రహ సంకేతం సరిగా అందదు; సిమ్ రీచార్జి అయిపోతే అది ఉన్నా లేనట్టే; సొంత బ్యాటరీ లేని చౌక పరికరం తీగ తెంచగానే మూగబోతుంది. వారాల తరబడి కదలని బండిలో ఈ పరికరం కొద్దికొద్దిగా కరెంటు లాగి, ముసలి బ్యాటరీని పూర్తిగా దించేస్తుంది కూడా. అన్నట్టు, బ్యాటరీ టెర్మినల్ ఊడదీయమన్న ఈ సందేశమే దానితో నడిచే జీపీఎస్ పెట్టమనడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది. గంటలో పట్టుకోవడమన్నది మరీ ఆశ. రాత్రి రెండు గంటలకు కదిలిన బండి, మీరు నిద్ర లేచేసరికి 16వ జాతీయ రహదారి మీద ఒంగోలు దాటి ఉండవచ్చు, లేదా 65వ రహదారి మీద జగ్గయ్యపేట దాటి తెలంగాణలో ఉండవచ్చు.

నంబరు ప్లేటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆ ప్లేటును ఊడదీస్తే మళ్లీ బిగించడానికి వీలుండదన్నది నిజం. ఊడదీసి పారేయడానికి మాత్రం అడ్డేమీ లేదు.

ఇన్సూరెన్సు దగ్గర చాలామంది నిజంగానే మోసపోతున్నారు. చట్టం తప్పనిసరి చేసినది థర్డ్ పార్టీ పాలసీ. పాత బండ్లకు ఎక్కువమంది కట్టేదీ అదే. దొంగతనానికి అందులో ఒక్క రూపాయి కూడా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా, అయిదేళ్లు దాటిన వాహనానికి బీమా విలువ నిర్ణీత తరుగు పట్టిక ప్రకారం కాక, కంపెనీకీ యజమానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం ఉంటుంది. పాలసీ పునరుద్ధరించేటప్పుడు ఏజెంటు వేసిన అంకెకు తలూపితే, 3 లక్షలు పెట్టి బాగుచేయించుకున్న బండి కాగితం మీద 60,000 రూపాయలదిగానే మిగులుతుంది. చేయించిన పనుల బిల్లులు, ఫొటోలు ముందే చూపించి ఆ అంకెను పెంచమని అడగాలి.

బండి పోయిందని తెలిసిన వెంటనే ఎఫ్‌ఐఆర్ చేయించడం తప్పనిసరి. ఎఫ్‌ఐఆర్ వెంటనే నమోదై ఉంటే, కంపెనీకి తెలియజేయడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే క్లెయిమును తోసిపుచ్చడానికి కారణం కాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా అదే రోజు కంపెనీకీ రాసి పంపడంలో నష్టం లేదు. కంపెనీలు సాధారణంగా రెండు తాళం చెవులూ అడుగుతాయి. మన పాత బండ్లకు రెండోది ఏనాడో పోయి ఉంటుంది కాబట్టి, తాళం చెవి పెట్టే ఇగ్నిషన్ స్విచ్‌ను మార్పించుకుంటే ఆ బిల్లు దాచుకోవాలి.

ఇంతకన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది ఇంజిన్ నంబరు. ఈ బండ్లలో చాలావాటికి ఎప్పుడో ఒకప్పుడు ఇంజిన్ మార్చి ఉంటారు. ఆర్‌సీలో మాత్రం పాత నంబరే ఉంటుంది. అలాంటి బండి పోయి మళ్లీ దొరికినా, అది మీదేనని స్టేషన్‌లో నిరూపించుకోవడం అంత తేలిక కాదు. మార్చిన ఇంజిన్‌ను రవాణా కార్యాలయంలో ఆర్‌సీపై నమోదు చేయించుకోవాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర ఒకటి, తేదీ వేసి ఇంట్లో ఉంచుకోవాలి.

ఆర్‌సీ బండిలోనే ఉంచుకోమన్న సలహాకు ఇప్పుడు ఆధారమే లేదు. డిజిలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో చూపించే ప్రతి కూడా చెల్లుతుందని 2018లోనే కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. అసలు ఆర్‌సీ డ్యాష్‌బోర్డు అరలో ఉంటే దొంగకు బండితోపాటు దాని కాగితాలూ అప్పగించినట్టే. మా అరలో ఇప్పుడు ఒక టార్చిలైటు, గాలి తీయడానికి పదో నంబరు స్పానరు మాత్రమే ఉన్నాయి.