సవరణ: ట్యూషన్ ఫీజు లెక్కలో నా పొరపాటు

ఉద్యోగంలో గంటకు పడే జీతాన్నే ట్యూషన్‌కూ గంట ఫీజుగా పెట్టుకోవచ్చని ఇంతకుముందు రాశాను. అది తప్పు. వారానికి 20 గంటలు పాఠం చెబితే, ప్రిపరేషన్, పేపర్లు దిద్దడం, రాకపోకలతో కలిపి పని 30 గంటలు దాకా అవుతుంది. అంటే ఫీజు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఏడాదిలో 10 నెలలే క్లాసులుంటే, 12 నెలల ఆదాయం ఆ 10 నెలల్లోనే రావాలి కాబట్టి దాన్ని మళ్లీ 1.2తో హెచ్చించాలి. మొత్తం 1.8 రెట్లు! నేనే ఇన్నాళ్లూ తక్కువ తీసుకున్నానన్నమాట.

ఇద్దరు పిల్లలు కలిసి కూర్చుంటే ‘ఫీజు తగ్గించండి’ అని కూడా అప్పుడు రాశాను; అంటే సగానికి సగం తగ్గించమని కాదు. ఒక్కొక్కరి దగ్గర 60 శాతం తీసుకుంటే వాళ్లకు భారం తగ్గుతుంది, మనకు 120 శాతం వస్తుంది. దిద్దాల్సిన పేపర్లు మాత్రం రెట్టింపే.

పాత విద్యార్థులకు కొత్త ఫీజు వచ్చే విద్యా సంవత్సరం నుంచే చెప్పండి.