పంట బీమాకు సెంటీమీటర్ల మోజెందుకు?

పంట నష్టం లెక్కల మీద రగడ రేగిన ప్రతిసారీ డ్రోన్లు ఎగరేయాలని, మరింత స్పష్టమైన ఉపగ్రహ చిత్రాలు కొనాలని డిమాండ్లు వినిపిస్తాయి. చిత్రం ఎంత సూక్ష్మంగా ఉంటే పరిహారం అంత న్యాయంగా అందుతుందన్న ఈ నమ్మకానికి పునాది లేదు.

కేంద్ర పథకమైన ఫసల్ బీమాలో ప్రధాన పంటలకు నష్టం లెక్కగట్టే యూనిట్ గ్రామమో పంచాయతీయో తప్ప ఒక్కో రైతు కమతం కాదు. ఊరి పంట తీరు తెలుసుకోవడానికి ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు ఇచ్చే 10 మీటర్ల రిజల్యూషన్ చాలు, అంటే చిత్రంలోని ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 10 మీటర్ల చదరానికి సమానం. ఎకరానికి దాదాపు 40 పిక్సెళ్లు వస్తాయి, పైగా చిత్రాలు ఉచితం. జంట ఉపగ్రహాలు 5 రోజులకోసారి అదే చేను మీదుగా వెళ్తాయి కనుక, నాట్లు ఎప్పుడు పడ్డాయో, పొట్ట దశలో పైరు ఎండిందో లేదో ఆ వరుస చిత్రాలే చెబుతాయి. ఒకే రోజు తీసిన చిత్రం ఎంత నిశితమైనదైనా ఆ కథ చెప్పలేదు. మన కార్టోశాట్-3 ఉపగ్రహానికి ఉన్న పావు మీటరు స్పష్టత కూడా నలుపు తెలుపు చిత్రానికే. పచ్చదనం కొలిచే రంగుల పట్టీల్లో అది మీటరు దాటుతుంది. 10 మీటర్ల నుంచి 5 సెంటీమీటర్లకు దిగితే పిక్సెళ్లు 40 వేల రెట్లు పెరుగుతాయి, వాటిని విశ్లేషించే భారమూ పెరుగుతుంది. ఖరీఫ్ మబ్బులు కమ్మితే ఉపగ్రహ కెమెరాలన్నీ గుడ్డివే. అప్పుడు పనికొచ్చేది మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్.

మన కమతాలు చిన్నవన్న అభ్యంతరం సబబే. అరెకరం మడిలో పడే 20 పిక్సెళ్లలో చాలావరకు గట్టునూ పక్క చేనునూ కలుపుకున్నవే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, కోసి పరిచిన పనలు నీళ్లలో నానుతున్నాయా లేదా అన్నది 10 మీటర్ల పిక్సెల్ తేల్చలేదు. కోత అనంతర నష్టాన్ని పొలాల వారీగా లెక్కించాలి కనుక అక్కడ డ్రోనే సరైనది. ఆ అవసరం సీజన్‌లో కొద్ది రోజులదే.

అసలు చిక్కు రిజల్యూషన్‌లో లేదు. పైరు ఎలా ఉందో పిక్సెల్ చూపుతుంది గానీ, దాన్ని పండించింది ఎవరో చూపదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కు కార్డు రావాలంటే భూ యజమాని అంగీకారం తప్పనిసరి. హక్కులకు ఎసరు వస్తుందన్న భయంతో యజమానులు సంతకానికి వెనకాడుతున్నారు. దాంతో పంటల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-పంటలో నమోదు యజమాని పేరునే జరిగిన చోట, మడిని 3 సెంటీమీటర్ల స్పష్టతతో చిత్రించినా పరిహారం యజమాని ఖాతాలోనే పడుతుంది. పెట్టుబడికి తెచ్చిన అప్పు మాత్రం కౌలు రైతు మీదే ఉంటుంది.