ఎకరం పేజీ ప్రకటన

ఈసారి మిర్గం (మృగశిర) కార్తెకు మా ఊరికి వానకంటే ముందు ప్రకటన రంగం వచ్చింది. తెల్ల కారులో వచ్చింది. అద్దం దించి, "అన్నా, నడుమ చెట్టూ గుట్టా లేని ఎర్ర చెల్క ఎవరిదన్నా ఉందా?" అని అడిగింది. జడ్చర్ల నుంచి కోదాడ పోయే 167వ నంబరు జాతీయ రహదారికి కూతవేటు దూరంలో, మల్లేపల్లికి ఇవతల, అలాంటి చెల్క నాకొకటి ఉంది. గట్టు మీద నాలుగు తాడిచెట్లు తప్ప అందులో నిలబడటానికి నీడ లేదని మా నాయన బతికినన్నాళ్లూ తిట్టుకున్నాడు. నీడ లేకపోవడమే ఒక ఆస్తి అని చెప్పే మనిషి ఆయన హయాంలో రాలేదు.

వచ్చిన పిల్లగాడికి పాతికేళ్లుంటాయి. విత్తనాల కంపెనీ తరఫున ప్రచారం చూస్తాడట. మా అరుగు పక్కన నులక మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి, మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ చెప్పాడు: "హోర్డింగుల కాలం పోయింది సార్. ఇప్పుడంతా నేచురల్. మట్టి, గడ్డి, పేడ, పంట. వీటితోనే బ్రాండు." పేడ అన్న మాటను అంత గౌరవంగా పలికిన మనిషిని నేను చూడలేదు. రోజూ పొద్దున సానుపు చల్లే మా అమ్మ కూడా ఆ మాటకు అంత భక్తి చూపదు.

మరి ఊరి వెనక ఇంత పెద్ద గుట్ట ఉంది కదా, దానికే రంగేయొచ్చు కదా అన్నాను. వెంటనే రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. 2002లో హిమాచల్‌లో మనాలి నుంచి రోహ్‌తంగ్ పోయే దారి పొడుగునా బండలకు కూల్‌డ్రింకుల ప్రకటనలు పూస్తే సుప్రీంకోర్టు కంపెనీలను నిలదీసి జరిమానా వేసిందట. అంటే ప్రకృతి మీద ఈ ప్రేమ కోర్టు మెట్లు దిగి వచ్చినదన్నమాట. దాన్ని తక్కువ చేయడానికి లేదు. మన దగ్గర చాలా ప్రేమలు అట్లాగే స్థిరపడ్డాయి.

తర్వాత విదేశాలు చూపించాడు. జపాన్‌లో ఇనకదాతె అనే ఊరు. 1993 నుంచి అక్కడ రంగురంగుల ఆకులుండే వరి రకాలు నాటి పొలంలో బొమ్మలు పండిస్తున్నారు. ఊరి ఆఫీసు మేడ మీదికెక్కి జనం వాటిని చూసి పోతారు. ఇంగ్లండులో సెర్న్ అబ్బాస్ అనే చోట కొండ మీద సుద్దమట్టితో గీసిన 55 మీటర్ల పాతకాలపు మనిషి బొమ్మ ఉంది. 2007లో ఒక కార్టూన్ సినిమా కోసం దాని పక్కనే ఆ సినిమా కథానాయకుణ్ని, చేతిలో వడలాంటి తిండిముక్కతో సహా, వానకు కరిగిపోయే రంగుతో గీశారు. పాత దేవతలను కొలిచే అక్కడి వాళ్లకు కోపం వచ్చి, ఆ బొమ్మ కొట్టుకుపోవాలని వాన కోసం మంత్రాలు చదువుతామన్నారు. ఇది విని మా అమ్మకు నవ్వాగలేదు. మేం పంట బతకాలని కప్పతల్లి ఆడితే, వాళ్లు ప్రకటన చావాలని ఆడతారా అంది.

పిల్లగాడు చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. అది తర్వాత నాకు తెలిసింది. 2008లో ఆ జపాన్ ఊళ్లో బొమ్మ కింద ఒక విమానాల కంపెనీ పేరు, ఒక పత్రిక పేరు కూడా నాటారు. భూమి ఇచ్చిన వాళ్లు ఒప్పుకోలేదు. బొమ్మకు ఇచ్చాం గానీ కంపెనీకి ఇచ్చామా అన్నారు. నాటిన నారును మళ్లీ పీకించారు. ఇది ముందే తెలిసుంటే నేను కౌలు కొంచెం పెంచి అడిగేవాణ్ని.

ఇక్కడ మా ప్రాంతం తరఫున ఒక అభ్యంతరం నమోదు చేయాల్సి ఉంది. సహజ వస్తువులతో బహిరంగ ప్రకటన అనేది హైదరాబాదు నుంచి మాకు నేర్పించాల్సిన విద్య కాదు. రాత్రిపూట హైవే మీద లారీ చెడిపోతే డ్రైవరు ఏం చేస్తాడు? పక్క చెట్టుకు నాలుగు కొమ్మలు విరిచి, వెనక రోడ్డు మీద పరిచి, రెండు బండరాళ్లు పెడతాడు. ఏ భాష రానివాడైనా దాన్ని చదువుతాడు. చదవనివాడు మర్నాడు పేపర్లో వస్తాడు. దారికి అడ్డంగా తుమ్మకంప పడి ఉంటే అది నోటీసు. గుమ్మానికి వేపకొమ్మ కడితే ఇంట్లో అమ్మవారు పోసింది, లోపలికి రాకండని చెప్పడం. తాడిచెట్టుకు లొట్టి వేలాడుతుంటే చెట్టు గీతలో ఉందని. ఎండాకాలం రోడ్డు పక్కన తాటిముంజల గెల వేలాడదీసినవాడు ఒక్క అక్షరం రాయడు. కారు దానంతటదే ఆగుతుంది.

అన్నింటికన్నా ఖరీదైన హోర్డింగు గడ్డివాము. పిల్లనిచ్చేవాళ్లు వస్తే వాకిట్లో కుర్చీ వేసినా కూర్చోరు. కాళ్లు కడుక్కునే వంకతో ఇంటి వెనక్కి పోతారు. వాము ఎంత ఎత్తుంది, పెంటకుప్ప ఎంత వెడల్పుంది, రెండూ కళ్లతోనే కొలిచి వచ్చి అప్పుడు మంచినీళ్లు తాగుతారు. మా మేనత్త సంబంధం అట్లానే కుదిరింది. పెళ్లయ్యాక తెలిసింది, ఆ వాములో సగం పక్కింటి వాళ్లదని. కాబట్టి ప్రకటనల్లో అబద్ధం కూడా మాకు కొత్తేమీ కాదు.

చెట్లను బోర్డులుగా వాడటంలోనూ మేం వెనకబడి లేం. మా రోడ్డు వెంబడి ఒక్క వేపచెట్టూ ఖాళీగా లేదు. మేకులు కొట్టిన రేకు ముక్కలు: బోర్లు వేయబడును, మొలలకు గ్యారంటీ మందు, పది ఫెయిలా. చెట్టు కాండం చూడాలంటే వెనక్కి పోవాలి. ఆ మాటకొస్తే ఈ రంగం చేజార్చుకున్న పెద్ద అవకాశం పాలమూరు పిల్లలమర్రి. 700 ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కలు చుక్కలుగా చెదల మందు ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. వందల సీసాలు. ఒక్క సీసా మీద కూడా ఎవరూ ప్రకటన వేయించుకున్నట్టు నేను వినలేదు. ప్రచార నిపుణులు ఆ వారం సెలవులో ఉన్నట్టున్నారు.

ఇవన్నీ చెప్తే పిల్లగాడు ఫోనులో ఏదో రాసుకుని, "సూపర్ కంటెంట్ సార్" అన్నాడు. బేరం ఎకరానికి 20 వేలకు తెగింది. పక్క చెల్క వాళ్లు నన్ను జాలిగా చూశారు. వాళ్లది వెంచరుకు పోయింది. పంటకు బదులు ప్లాట్ల హద్దురాళ్లు, కడీలు నాటారు. ఆ కడీలకు నీళ్లక్కర్లేదు, పందుల భయం లేదు. మొలక నూటికి నూరు.

ప్రకటన ఇదీ: "కల్తీ లేని విత్తనం". ఏడక్షరాలు. ఒక్కో అక్షరం పన్నెండు గజాల వెడల్పు. ఎర్ర నేల మీద కంపెనీ వారి సొంత మక్క విత్తనంతో అక్షరాలు మొలిపించాలి, మిగతా నేలంతా గుంటుక తోలి ఎర్రగా ఉంచాలి. మూడు మాటలకు మూడు ప్యాకెట్లు. మొలిచాక డ్రోను వచ్చి వీడియో తీస్తుంది. రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడదు కదా అంటే, "రోడ్డు మీద ఎవరు చూస్తున్నారు సార్, అందరూ ఫోన్లోనే" అన్నాడు. బహిరంగ ప్రకటన అంటే ఇప్పుడు అర్థం అదట. పొలంలో వేస్తారు, పడుకుని చూస్తారు.

హైదరాబాదు నుంచి వచ్చిన డిజైనరు టేపు పట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా "క" తలకట్టు దగ్గరే ఉన్నాడు. చివరికి మా వదిన, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ముగ్గు బుట్టలతో దిగారు. ఒకరు తాడు పట్టుకున్నారు, ఒకరు గూటం కొట్టారు, వదిన నడుం వంచి వెనక్కి నడుస్తూ పిడికిట్లోంచి ముగ్గు వదిలింది. గంటన్నరలో ఏడక్షరాలూ దిగాయి. సంక్రాంతికి వాకిలి నిండా ఇరవయ్యొక్క చుక్కల ముగ్గేసే మనిషికి "త్త" ఒక లెక్క కాదు. డిజైనరు కాగితంలో "కల్తి" అని ఉంటే, దానికి దీర్ఘం ఉండాలని బడి పంతులు వచ్చి దిద్దించాడు. కల్తీ విషయంలో పొట్టితనం పనికిరాదని ఆయన అభిప్రాయం.

మిర్గం దాటిన మూడో రోజు మంచి పదును వాన. ముగ్గు గీతల వెంట విత్తాం. వారం తిరిగేసరికి మొలక కనబడింది. గట్టు మీద నిలబడి చూస్తే నాకు పచ్చ పట్టీలు తప్ప ఏమీ అర్థం కాలేదు. జపాన్ వాళ్లకు ఊరి ఆఫీసు మేడ ఉంది. మా ఊళ్లో అంత ఎత్తు రోజూ ఎక్కేది ఒక్కడే, మా గౌండ్ల మామ. పొద్దున్నే మోకు నడుముకేసుకుని తాడెక్కి, లొట్టి దించుతూ, పైనుంచి కేకేశాడు.

"ఏం అల్లుడా, కంపెనోళ్లు మంచోళ్లే ఉన్నరుగా!"

"ఎందుకు మామా?"

"ఉన్నదున్నట్టు రాసుకున్నరు. కల్తీ... విత్తనం!"

"నడుమ 'లేని' ఉంటది చూడు మామా."

"లేని లేదురా. నడుమ బోడిగున్నది."

పోయి చూస్తే నిజమే. మొదటి మాట పచ్చగా లేచింది. చివరి మాట నిండుగా ఉంది. నడుమ పాతిక గజాల ఎర్ర మట్టి, అందులో అక్కడొకటీ ఇక్కడొకటీ మొలక. మూడు ప్యాకెట్లలో ఒకటి మోసం చేసింది. సరిగ్గా ఆ మాట దగ్గరే చేసింది. 1966 నాటి విత్తన చట్టం లెక్కల్లో హైబ్రిడ్ మక్క నూటికి కనీసం 90 మొలవాలి. నేను అక్షరాలు లెక్కపెట్టాను. ఏడింటికి అయిదు, అంటే నూటికి 71. విత్తనంగా ఫెయిలు. వాక్యంగా చూస్తే మాత్రం అంత నిక్కచ్చి ప్రకటన ఈ రంగంలో ఇంతవరకు వచ్చి ఉండదు. డబ్బు తీసుకుని అబద్ధం రాయమంటే, మట్టి రెండక్షరాలు మింగేసి తన అభిప్రాయం తాను చెప్పింది.

ఫోను చేస్తే పిల్లగాడు రాలేదు. కంపెనీ నుంచి చొక్కా ఇన్‌షర్టు చేసిన పెద్దమనిషి వచ్చాడు. రైతుకు ఏళ్లుగా వినిపించే పాఠమే నాకూ మొదలుపెట్టాడు. "లోతుగా విత్తినట్టున్నరు. పదును చాలలేదేమో. మీ నేలల ఉప్పు ఎక్కువున్నట్టుంది."

"రెండక్షరాలకే ఉప్పు పట్టిందా సార్?" అని మా వదిన అడిగింది.

ఆయన ఆమె వైపు చూడలేదు. ప్యాకెట్లు దాచారా అని నన్నడిగాడు. బిల్లూ ప్యాకెట్టూ దాచుకోవాలని వ్యవసాయాధికారులు చెప్తూనే ఉంటారు. దాచాను. ఆయన ముఖం అప్పుడు కొంచెం ఉప్పు పట్టినట్టయింది. కేసులేమీ వద్దు, కౌలు మొత్తం ఇచ్చేస్తాం, డ్రోను మాత్రం రేపే వస్తుంది, ఈలోగా సర్దుతామన్నాడు.

సర్దడమంటే ఏమిటో మర్నాడు తెలిసింది. వ్యానులో ఫ్లెక్సీ వచ్చింది. ఆకుపచ్చ రంగులో, మక్క ఆకులు అచ్చేసినట్టే, "లేని" అన్న రెండక్షరాల ఫ్లెక్సీ. నలుగురు పట్టుకుని బోడి నేల మీద పరిచి, మూలలకు గూటాలు కొట్టారు. పైనుంచి మామ "ఇప్పుడు వచ్చింది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. డ్రోను రెండు చుట్లు తిరిగి వీడియో తీసుకుపోయింది. ప్రకృతి సహజ ప్రకటనకు లక్షల్లో లైకులొచ్చాయని పిల్లగాడు తర్వాత మెసేజ్ పెట్టాడు. అబద్ధమాడి ఉండడు. ఫ్లెక్సీ మీది పచ్చదనం నిజం మక్కకంటే నిగనిగలాడింది.

ఫ్లెక్సీకి మా దగ్గర రెండో జన్మ ఉంటుందని అందరికీ తెలుసు. అసలు జన్మ అదే. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద మిరపకాయలు ఎండుతాయి, కింద స్టాంపు సైజు ముఖాల వరసలన్నీ ఘాటుకు ముడుచుకుంటాయి. ఎన్నికల్లో పంచిన టీషర్టు తొడుక్కుని దిష్టిబొమ్మ చేనుకు కాపలా ఉంటుంది. ఓట్లడిగిన మనిషి ఊరికి తిరిగిరాకున్నా, ఆయన చొక్కా మాత్రం పిట్టలను తోలుతూ నియోజకవర్గంలోనే ఉంటుంది.

మాదీ అంతే. ఆషాఢం గాలికి గూటాలు ఊడి "లేని" లేచి పక్క వెంచరు కడీలకు చుట్టుకుంది. మా అమ్మ పోయి మడిచి తెచ్చి కోళ్ల గూడు మీద కప్పింది. లోపలికి చుక్క కారడం లేదు. మొన్న ఆదివారం మల్లేపల్లి నుంచి ఒకాయన నాటుకోళ్ల కోసం బండేసుకుని వచ్చాడు. గూడు ముందు ఆపి, పైన పచ్చగా రాసి ఉన్నది చదివాడు.

"అయ్యో, లేవా?" అని బండి తిప్పుకుని పోయాడు.