సాయానికి ఒక ఆఫీసు కావాలి, కానీ దానికి 'కాదు' అనే అధికారం వద్దు

కోవిడ్ టైంలో మేం కొంతమంది కలిసి ఒక సాయం గ్రూప్ నడిపాం. ఎవరికేం కావాలో ఒక షీట్‌లో ఎక్కించడం, తీరిక ఉన్నవాళ్లు పక్కన తమ పేరు రాసుకుని ఆ పని చూడటం, అంతే మా సిస్టమ్. అందులో ఒక వరుస నాకింకా కళ్లముందే ఉంది. ఒంటరిగా ఉండే పెద్దాయన, వారానికి మూడుసార్లు డయాలసిస్, తోడు వెళ్లడానికి మనిషి కావాలి. పక్క గడిలో ఐదుగురు 'నేను చూస్తా' అని రాశారు. ఆఖరి గడిలో ఎవరో పచ్చరంగు నింపి 'డన్' అని కూడా కొట్టేశారు. ఆ రోజు ఆయన దగ్గరికి ఒక్కరు కూడా వెళ్లలేదు. ఐదుగురిలో ఎవరికి వాళ్లు మిగతా నలుగురు ఉన్నారు కదా అనుకున్నారు, తిలా పాపం తలా పిడికెడు. ఆ ఐదుగురిలో నేనూ ఒకణ్ణి.

మాలో చెడ్డవాళ్లెవరూ లేరు, బద్ధకస్తులు కూడా లేరు, అందరం రాత్రి పన్నెండు దాకా ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లమే. అయినా పని జరగలేదు. ఎందుకంటే ఆ పని జరిగిందా లేదా అని అడగాల్సిన బాధ్యత ఫలానా మనిషిది అని మేమెక్కడా రాసుకోలేదు.

అందుకే అవసరంలో ఉన్నవాళ్లకి చుట్టుపక్కల వాళ్లు చేసే సాయాన్ని కలిపి నడిపించడానికి ప్రభుత్వంలో ఒక ఆఫీసు ఉండాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నేను ఉండాలనే పక్షమే. ఈ చర్చలో వినిపించే మాటలన్నీ మీకు తెలిసినవే, ఉన్న డిపార్ట్‌మెంట్లు చాలవా, ఇంకో బోర్డు ఇంకో డైరెక్టరు ఇంకో కారు ఎందుకు, వగైరా. అవన్నీ మళ్లీ తిరగెయ్యను. మనకి మంచిమనసుకి కొదవ లేదు, ఆ మంచిమనసుకి లెక్క రాసేవాడు లేడు, నా వాదన అక్కడ మొదలవుతుంది.

మంచిమనసుకి కొదవ లేదంటే ఏదో పాజిటివ్‌గా ఉండాలని చెప్తున్న మాట కాదు. 2020 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం అక్కడి ఆరోగ్య సేవల తరఫున వాలంటీర్లు కావాలని పిలుపునిచ్చింది, 2.5 లక్షల మంది వస్తే చాలనుకుంది, కొద్ది రోజుల్లోనే 7.5 లక్షల మంది పేర్లిచ్చేసరికి ఇక చాలు బాబూ అని రిజిస్ట్రేషన్ ఆపేయాల్సి వచ్చింది. తర్వాతేమైంది? మొదటి వారాల్లో వాళ్లలో చాలామంది యాప్ ఆన్ చేసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు, ఒక్క పని కూడా రాలేదు. అదే సమయంలో మందులు తెచ్చిపెట్టే మనిషి లేక తలుపులు వేసుకుని కూర్చున్న ముసలివాళ్లూ అదే దేశంలో ఉన్నారు. ఇటు ఇస్తామనేవాళ్లు, అటు కావాలనేవాళ్లు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో కూర్చోడానికే ఆఫీసు కావాలంటున్నాను, సాయం చేయడానికి కాదు.

ఎదుటి వాదన కూడా చెప్పాలి కాబట్టి చెప్తాను, అందులో పస లేదని అనను. ప్రభుత్వం అడుగుపెడితే ఇరుగుపొరుగు తప్పుకుంటారు, 'ఆఫీసు ఉందిగా, వాళ్లు చూస్కుంటారు' అనేస్తారు అని వాళ్ల భయం. దీనికి వాళ్లు 1995 జులైలో షికాగో వడగాడ్పుని చూపిస్తారు, మామూలుగా పోయేవాళ్ల కంటే 739 మంది ఎక్కువ పోయారు ఆ కొద్దిరోజుల్లో, చాలామంది ఒంటరి వృద్ధులు. ఆ ఊళ్లో నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అని పక్కపక్కనే ఉన్న రెండు పేటలు, రెండు చోట్లా పేదరికం ఉంది, ఒంటరి ముసలివాళ్లు ఉన్నారు, కానీ మొదటిదాంట్లో మరణాల రేటు రెండోదానికి పది రెట్లు. సౌత్ వైపు వీధులు జనంతో కళకళలాడేవి, ముసలివాళ్లు బయటికొచ్చేవాళ్లు, పలకరింపులుండేవి, నార్త్ వైపు ఖాళీ స్థలాలు, మూసిన తలుపులు. చూశారా, కాపాడింది వీధి, ప్రభుత్వం కాదు, అంటారు.

నిజమే. మరి నార్త్ లాన్‌డేల్‌లో పుట్టినవాడు ఏం చెయ్యాలి? వీధి బాగున్న చోట పుట్టలేదు కాబట్టి చావాలా? ఇదే షికాగో కథలో ఆ వాదన చేసేవాళ్లు చెప్పకుండా వదిలేసే రెండో భాగం ఒకటుంది. 1999లో మళ్లీ భయంకరమైన ఎండలొచ్చాయి. ఈసారి నగర ప్రభుత్వం చల్లగా ఉండే సెంటర్లు తెరిచింది, అక్కడికి ఉచితంగా బస్సులు తిప్పింది, ఒంటరి వృద్ధులకి ఫోన్లు చేయించింది, పోలీసులనీ సిబ్బందినీ పంపి తలుపులు కొట్టించింది. ఆ ఏడాది మరణాలు 110 దాకా. అది కూడా ఎక్కువే, కాదనను, కానీ 739 ఎక్కడ 110 ఎక్కడ. వీధి చేసే పనిని వీధి లేని చోట ఆఫీసు చేసింది. ఫోన్ చెయ్యడం, తలుపు కొట్టడం, ఇంతకంటే గొప్ప టెక్నాలజీ ఏం లేదందులో.

ఇక పేరుకి పెట్టే పదవుల సంగతి. 2018 జనవరిలో బ్రిటన్‌లో ఒంటరితనానికి ఒక మంత్రిని పెట్టారు, ట్రేసీ క్రౌచ్, ప్రపంచమంతా హెడ్‌లైన్లు. ఆవిడ చేతిలో అప్పటికే క్రీడలు, పౌర సమాజం శాఖ ఉంది, ఇది దానికి అదనం. ఆ నవంబర్‌కల్లా జూదం మెషీన్ల మీద ఆంక్షలు ఆలస్యం చేస్తున్నారని రాజీనామా చేసి వెళ్లిపోయింది. జపాన్ 2021 ఫిబ్రవరిలో అలాంటి మంత్రినే పెట్టింది, కనీసం దాని వెనక ఒక చట్టం చేసి 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చింది. మంత్రి పదవి తప్పని అనను గానీ, పొద్దున్నే ఫోన్ ఎత్తే మనిషి లేకుండా పైన ఎంత పెద్ద కుర్చీ వేసినా లాభం లేదు.

సరే, ఇప్పుడు అసలు విషయానికొస్తా, నిజానికి ఈ వ్యాసం రాస్తున్నది దీనికోసమే. ఆఫీసు పెడితే సేవాభావం చచ్చిపోతుందని భయపడేవాళ్లు తప్పు చోట భయపడుతున్నారు. భయపడాల్సింది ఇంకోదానికి. సాయాన్ని కో-ఆర్డినేట్ చేస్తామని బయల్దేరినవాళ్లు కొన్నాళ్లకి డిటెక్టివ్‌లు అవుతారు. ఇది నా ఊహ కాదు, చరిత్ర.

1869లో లండన్‌లో ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ అని ఒకటి పెట్టారు. ప్రభుత్వానిది కాదు, ప్రైవేటుదే, కానీ ఐడియా అచ్చంగా మనం మాట్లాడుకుంటున్నదే, ఊళ్లో వందల ధర్మసంస్థలున్నాయి, ఎవరు ఎవరికిస్తున్నారో తెలీదు, అందర్నీ ఒక తాటి మీదకి తెద్దాం అని. ఎంత చక్కగా ఉంది వినడానికి! కానీ వాళ్లకి పట్టుకున్న బెంగ ఏంటంటే ఒకే మనిషి రెండు చోట్ల సాయం తీసుకుంటాడేమోనని. దాంతో ఇంటింటికీ వెళ్లి వాకబు, పక్కింటివాళ్లని అడగడం, రికార్డు రాయడం, చివరికి పేదవాళ్లని అర్హులు, అనర్హులు అని రెండు కుప్పలుగా పోయడం. 1877లో బఫెలోలో మొదలై ఇదే మోడల్ అమెరికాకీ పాకింది. బోస్టన్‌లో వాళ్ల నినాదం 'భిక్ష కాదు, స్నేహితుడు'. ఆ స్నేహితుడు మీ ఇంటికొచ్చి మీ కుండలో ఏముందో చూసి వెళ్లేవాడు.

దానికి ముందే 1853లో జర్మనీలో ఎల్బర్‌ఫెల్డ్ అనే ఊరు ఇంకో అద్భుతం చేసింది. ఊరిని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకి ఒక్కో జీతం లేని పౌరుణ్ణి పెట్టింది, అతనికి అప్పజెప్పే కేసులు నాలుగు మించకూడదు. నాలుగు! ఈ అంకె చూస్తే నాకు ఈర్ష్య పుడుతుంది, మా షీట్‌లో ఒక్కొక్కరి పేరు ముప్ఫై వరుసల్లో ఉండేది. మనిషిని మనిషిగా గుర్తుపెట్టుకోవాలంటే నాలుగే గీత అని ఆ రోజుల్లోనే ఎవరికో తట్టింది. కానీ అక్కడా అదే జబ్బు, సాయం రెండేసి వారాలకే మంజూరు చేసేవాళ్లు, గడువు కాగానే మళ్లీ విచారణ, నువ్వింకా పేదవాడివేనా అని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అన్నట్టు, ఇచ్చేది ఊరు, ఆపేది మధ్యలో ఉన్నవాడు.

కాబట్టి నా షరతు ఇది. ఈ ఆఫీసు పెట్టండి, కానీ దానికి 'మీరు అర్హులు కారు' అని చెప్పే అధికారం పుట్టుకతోనే లేకుండా చెయ్యండి. అర్హత తేల్చడానికి పెన్షన్ శాఖ ఉంది, రేషన్ శాఖ ఉంది, ఇంకో పది ఉన్నాయి, వాళ్లు తేలుస్తూనే ఉంటారు పాపం. ఈ ఆఫీసు పని అడిగినవాణ్ణి నమ్మడం, ఇచ్చేవాణ్ణి వెతకడం, ఇద్దర్నీ కలపడం, కలిశారో లేదో మళ్లీ అడగడం. ఎవడైనా అబద్ధం చెప్పి పక్కింటాయన చేత బల్బు మార్పించుకున్నాడే అనుకోండి, దేశానికి వచ్చిన నష్టమెంత? ఇక్కడ పంచుతున్నది ఖజానా డబ్బు కాదు, సాటి మనిషి ఒక గంట. ఖజానాకి పెట్టే కాపలా దీనికి పెట్టకండి.

రెండో షరతు, ఫైల్ మూసే హక్కు ఆఫీసుకి ఉండకూడదు. సాయం అడిగినాయన నోటితో 'అయిందండీ' అంటేనే అది మూతపడాలి. మా షీట్‌లో పచ్చరంగు వేసింది మాలో ఒకరు, ఆయన కాదు. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ మొత్తం అక్కడే ఉంది. అమెరికాలో 211 అని ఒక నంబర్ ఉంది, 1997లో అట్లాంటాలో మొదలైంది, 2000లో దేశమంతటికీ ఆ నంబర్ని దీనికే కేటాయించారు, కష్టంలో ఉన్నవాడు ఒక్క నంబర్ గుర్తుపెట్టుకుంటే చాలు. మంచి ఆలోచన, నాకు ఏ పేచీ లేదు. కానీ ఏ రిఫరల్ లైన్ పనైనా ప్రధానంగా ఇంకో నంబర్ ఇవ్వడమే కదా. ఆ ఇంకో నంబర్ ఎత్తకపోతే? ఎత్తి రేపు చెయ్యమంటే? జ్వరంతో ఉన్న మనిషి ఎన్ని నంబర్లు తిప్పుతాడు? నంబర్ ఇచ్చిన క్షణంలో వాళ్ల లెక్కలో కాల్ పూర్తయిపోతుంది, ఆయన కష్టం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఇవన్నీ కుదిరే పనులేనా అంటే, దాదాపు కుదిరించిన చోటు ఉంది. జపాన్‌లో మిన్‌సెయి ఇయిన్ అని ఉంటారు, సుమారు 2.3 లక్షల మంది, 1917లో ఒకయామాలో మొదలైన పద్ధతి నుంచి పెరిగి వచ్చిన వ్యవస్థ. ఆ వాడలోనే ఉండే మామూలు మనుషులు, మంత్రిత్వశాఖ నియమిస్తుంది, మూడేళ్ల పదవి, జీతం లేదు, తిరుగుడు ఖర్చులిస్తారు అంతే. వాళ్లు ఒంటరి వృద్ధుల ఇళ్లకి వెళ్లొస్తారు, అవసరమైతే ప్రభుత్వ ఆఫీసుకి చేరవేస్తారు, విన్నది బయట చెప్పకూడదన్నది చట్టం. ప్రభుత్వం అడుగుపెట్టింది, వందేళ్లు దాటింది, ఇరుగుపొరుగు తప్పుకోలేదు. ఇప్పుడు వాళ్లకీ వయసు మీదపడి కొత్తవాళ్లు దొరక్క ఖాళీలు మిగులుతున్నాయి, అది నిజం, కానీ అది ప్రభుత్వం చెడగొట్టినందువల్ల కాదు, మనుషులు తగ్గిపోతున్నందువల్ల.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, పట్టకుండా ఉండలేను. అడగందే అమ్మైనా పెట్టదంటారు మనవాళ్లు. కానీ అడగడం అనేదాన్ని మనం ఎంత అవమానంగా తయారుచేశామో ఎప్పుడన్నా గమనించారా? ఏ కౌంటర్ దగ్గరైనా చూడండి, అద్దం, అద్దానికి కింద చిన్న కన్నం, ఆ కన్నం కూడా నిలబడిన మనిషి నడుము ఎత్తులో, మాట్లాడాలంటే వంగాలి. ఆ కన్నం అక్కడే పెట్టాలని ఎవరూ కూర్చుని తీర్మానం చేసి ఉండరు, అయినా అన్నిచోట్లా అక్కడే ఉంటుంది. తర్వాత ఫారం. పేరు, తండ్రి పేరు, ఆదాయం, ఆదాయానికి రుజువు, ఆ రుజువుకి రుజువు. ఏం కావాలి అనే ప్రశ్న మాత్రం ఆఖరి పేజీలో ఒక్క గీత. మన రాజ్యాలు పౌరుణ్ణి ముందు దొంగ అనుకుని తర్వాత మెల్లగా నమ్మడం మొదలుపెడతాయి, దాంతో నిజమైన దొంగలు కాగితాలన్నీ నీట్‌గా పట్టుకొచ్చి పని చేయించుకుపోతారు, నిజంగా అవసరమున్నవాడు రెండో ట్రిప్పులోనే సిగ్గుపడి ఇంటికెళ్లిపోతాడు. వాడు వెళ్లిపోయిన సంగతి ఏ రికార్డులోనూ ఉండదు, ఎందుకంటే అప్లికేషనే పూర్తవలేదు కదా! ఈ ఒక్క ఆఫీసులోనైనా తిరగేసి చూద్దాం అంటున్నాను, ఫారంలో మూడే గడులు, ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఏ నంబర్‌కి చెయ్యాలి. ఇది నడిస్తే మిగతా కౌంటర్లకి కూడా కొంచెం సిగ్గు పుడుతుందేమో, అది నా దురాశ.

ఖర్చు సంగతి అడుగుతారు. పది మంది ఫోన్ల దగ్గర, ఇరవై మంది బయట తిరగడానికి, ఒక్కొక్కరికి నాలుగు కాకపోయినా పది పన్నెండు కేసులు మించకుండా, ఒక మామూలు ఊరికి అంత చాలు అని నా అంచనా. బిల్డింగ్ వద్దు. ప్రారంభోత్సవం అసలే వద్దు.

ఆ డయాలసిస్ పెద్దాయన తర్వాతి రోజు తనే ఫోన్ చేశాడు. తిడతాడనుకుని నేను ముందే సారీలు మొదలుపెట్టాను. ఆయన ఎవరో ఆటో అతన్ని బతిమాలుకుని వెళ్లొచ్చాట్ట, అది కూడా ఏదో చిన్న విషయం చెప్పినట్టు చెప్పి, 'అదలా ఉంచండి నాయనా, ఎల్లుండికి ఎవరన్నా కుదురుతారా?' అని అడిగాడు. షీట్‌లో కొత్త వరుస వేశాను. సాయంత్రానికి చూస్తే దాని పక్కన ముగ్గురు 'నేను చూస్తా' అని రాసి ఉన్నారు.