స్ట్రాబెర్రీకి దాహం, కప్పకు ఖాళీ చేయమని నోటీసు

దక్షిణ స్పెయిన్‌లోని దొన్యానా చిత్తడి నేలల్లో నీటి ఎద్దడికి అసలు కారకులెవరో ఇన్నాళ్ళూ ఎవరూ ధైర్యంగా చెప్పలేదు. నేను చెబుతాను: కప్పలు. రైతు దొంగ బోరు వేస్తే చలికాలంలో యూరప్ అంతా స్ట్రాబెర్రీలు తింటుంది. కప్ప వాడిన నీళ్ళకు లెక్కాపత్రం ఉందా?

పక్షుల సంగతి వేరు. ఫ్లెమింగోలు ఫొటోలకు నిలబడతాయి, నీళ్ళు లేకపోతే మర్యాదగా ఎగిరిపోతాయి. కప్పలు ఊరు వదలవు, పైగా బోలెడు డిమాండ్లు. ఏడాది పొడవునా నిండుగా ఉండే చెరువు వద్దట, చేపలు పిల్లల్ని తినేస్తాయట. చలికాలం వానకు నిండి వేసవికి ఎండే గుంటలే కావాలట. భూగర్భ జలం పైపైన ఉంటేనే ఆ ఇసుక గుంటల్లో నీరు నిలుస్తుంది. సరిగ్గా ఆ నీళ్ళ మీదే స్ట్రాబెర్రీ తోటలకూ, పక్కనున్న బీచ్ రిసార్టు షవర్లకూ ఆశ.

అక్కడే న్యూట్ అని బల్లిని పోలిన ఒక ఉభయచరం ఉంది. పట్టుకుంటే పక్కటెముకల కొనల్ని తన చర్మాన్నే చీల్చుకుని బయటికి పొడుస్తుంది, వాటికి విషం పూత. పేదవాడి కోపం పెదవికి చేటంటారు, దీనిది ఒళ్ళంతటికీ చేటు. (గాయం మానిపోతుంది లెండి.) ఈ జాతిని 1996లో ప్రయోగాల కోసం మిర్ అంతరిక్ష కేంద్రానికి కూడా తీసుకెళ్ళారు. అంతరిక్షం చూసొచ్చిన వంశం గుంటెడు నీళ్ళ కోసం పేచీ పెట్టడం ఏం బాగుంటుంది?

1974లో ఇక్కడికి అమెరికాలోని లూసియానా జాతి ఎర్ర క్రేఫిష్‌ని (రొయ్యను పోలిన మంచినీటి జీవి) తెచ్చి వదిలారు. కప్ప గుడ్లూ తోకకప్పలూ తింటూ అది ఎంత చక్కగా స్థిరపడిందో చూడండి! అడ్జస్ట్ అవడమంటే అదీ.

2021లో యూరోపియన్ యూనియన్ కోర్టు భూగర్భ జలాల విషయంలో స్పెయిన్‌దే తప్పంది. అయినా మనకందరికీ తెలిసిన మందు ఉండనే ఉంది: క్రమబద్ధీకరణ. అక్రమ సాగును సక్రమం చేసే బిల్లు దొన్యానా ఉన్న అండలూసియా ప్రాంతపు పార్లమెంటు దాకా వచ్చి, పాపం, 2023 చివర్లో ఆగిపోయింది. తాబేళ్ళు లాబీయింగ్ చేశాయని నా అనుమానం. ఏ వేసవిలోనూ ఎండదనుకున్న దొన్యానాలోని పెద్ద మడుగు సాంతా ఒలాయా ఆ ఏడాది కూడా నెర్రెలిచ్చింది, వరుసగా రెండోసారి.

ఒక్క పారకాలి కప్ప మీద మాత్రం నాకు ఆశ ఉంది. వెనక కాళ్ళకున్న గట్టి అంచుతో ఇసుక తవ్వుకుని వేసవంతా లోపలే పడుకుంటుంది. బోర్లు మరింత లోతుకు దించే కాంట్రాక్టు దానికే ఇస్తే రిగ్గు ఖర్చు మిగులుతుంది. టెండరు మాత్రం వానలు పడ్డాకే పిలవాలి, అంతవరకూ అది పైకి రాదు.